లెక్కల సారు ఏరిన జపాన్ కత్తి

మొన్న హైదరాబాదు నుమాయిష్‌కు పోయినప్పుడు మా కోడలు ఒక స్టీలు సామాన్ల దుకాణం ముందు ఆగింది. దుకాణదారు సన్నటి పొడుగాటి కత్తి చేతిలో పట్టుకుని టమాటాలు తరుగుతున్నాడు. ఇది జపాన్ కత్తి అనీ, దీని ఉక్కు మీద అలలు అలలుగా కనిపించేది పైన వేసిన రంగు కాదు, లోపలి నుంచే వచ్చిన గీత అనీ, అక్కడివాళ్లు పచ్చి చేపను పొరలు పొరలుగా కోసుకుని తినడానికి ఇలాంటిదే వాడతారనీ ఏకధాటిగా చెప్తున్నాడు. మా కోడలు ముచ్చటపడి చేయి చాపింది. నేను ముందుకు వంగి, "చింతపండు ఉన్నదా నాయినా?" అని అడిగాను.

అతను నా ముఖం చూశాడు. కోడలు కూడా చూసింది. ముసలమ్మకు మతి పోయిందని ఇద్దరూ ఒకేసారి అనుకున్నట్టున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. కత్తి కొనేటప్పుడు చింతపండుతో పని పడే మనిషిని నేను కూడా నా జన్మలో ఒక్కణ్నే చూశాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయాడన్న కబురు ఆలస్యంగా అందితే, అప్పుడు నేను ఏడవలేదు కూడా. నుమాయిష్‌లో, అంతమంది మధ్యలో, టమాటా ముక్కల ముందు నిలబడి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన తొలి ఏళ్లలో నేను మంచిర్యాల హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆయన లెక్కలు చెప్పేవాడు. వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు ఇటూ అటూ. ఊరంతా లెక్కల సారు అనేది, నేనూ అంతే. నిజాం కాలంలో చదువంతా ఉర్దూలో చదివినవాడు కాబట్టి, పిల్లలకు ఎక్కాలు తెలుగులో చెప్పించేవాడు గానీ కోపమొస్తే మాత్రం ఆయన నోట ఎక్కం ఉర్దూలో వచ్చేది. తేరా ఏకం తేరా అని పదమూడో ఎక్కం వినబడిందంటే తరగతి మొత్తం చేతులు కట్టుకునేది.

ఆయనకున్న ఒకే ఒక్క దుర్గుణం, ఏరడం. వంకాయలు ఏరడానికి కూర్చుంటే, అంగడి ఎత్తేసే వేళకు కూరగాయలామె, "సారూ, జర లేవుండ్రి, నేను ఇంటికి పోవాలె" అని బతిమాలేది. ఒక ఏడాది గొడుగు ఏరడానికి వానాకాలమంతా తడుస్తూ తిరిగి, కార్తీకంలో కొన్నాడు. చెప్పుల జత కొంటే ఎడమది ఒక దుకాణంలోనూ కుడిది ఒక దుకాణంలోనూ నచ్చేది. స్టాఫ్‌రూంలో మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు. "తొందరేమున్నదమ్మా, సామాన్లు మనకంటే ఎక్కువ దినాలు బతుకుతయి" అనేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, కత్తులు ఒక ఎత్తు. కత్తి చేతికి రాగానే ముందు చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవాడు. తర్వాత దాన్ని ఎండకు అడ్డంగా పట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. ఆపైన జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోని చింతపండును కత్తికి రుద్ది, కాసేపు ఆగి, తుడిచి మళ్లీ చూసేవాడు. ఆయనది నిర్మల్ దిక్కు పల్లె. ఆ ఊరి చుట్టూ పాతకాలం కొలుముల నుంచి పోసిన ఇనుప చిట్టెం గుట్టలుగా ఉండేదట. ఒకప్పుడు అక్కడ కాచిన ఉక్కుతో చేసిన కత్తుల మీద, నిలిచిన నీళ్లలో రాయి వేస్తే లేచినట్టు సన్నటి అలలు కనబడేవనీ, పులుపు తగిలితే ఆ అలలు పైకి తేలేవనీ తాత చెప్పాడట. కొలుములు ఆరిపోయాయి, కాచేవాళ్లు పోయారు, ఈయన చేతిలో చింతపండు మిగిలింది. "కత్తికి నీళ్లుండాలె టీచరమ్మా" అనేవాడు, నీళ్లంటే ఆ అలలే. బజారులో ఏ కత్తికీ నీళ్లుండేవి కావు, పులుపు తగిలిన చోట నల్లటి మరకలు మాత్రం పడేవి. ఆ మరకలు తోముకోలేక దుకాణాలవాళ్లు ఆయన్ను దూరం నుంచి చూసి కత్తుల పెట్టె కిందికి తోసేవాళ్లు.

ఒకసారి భైంసా బస్సు దిగుతుంటే పోలీసాయన ఆపి సంచీ చూపించమన్నాడు. సంచీలో ఐదు కత్తులు. ఇంకా ఏమున్నాయని అడిగితే, సారు ఎంతో మర్యాదగా చింతపండు పొట్లం తీసి చూపించాడు. పోలీసాయన కాసేపు ఆలోచించి, పంతులని తెలుసుకుని, పొమ్మన్నాడు. ఈ కథ స్టాఫ్‌రూంలో కనీసం ఏడాది నడిచింది.

నడిపినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఆయన ఆ కత్తుల కోసం ఎందుకు అంత తిరుగుతున్నాడో గోడ ఇవతల ఉన్నదాన్ని కాబట్టి నాకు మొదటి నుంచీ తెలుసు.

వాళ్ల ఇంటామెను నేను వదినా అని పిలిచేదాన్ని. చేపల పులుసు వండటంలో ఆమెకు పేరు. గోదావరి నుంచి వచ్చిన చేపను గరుకు రాయి మీద బూడిదేసి రుద్ది, ఉప్పూ పసుపూ పట్టించి కడిగి, కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు చేసేదాకా ఇంకో చేయి తగలనిచ్చేది కాదు. అటువంటి మనిషికి ఒక జ్వరం వచ్చి పక్షవాతం కింద తిరిగింది. కాలు కోలుకుంది, నోరైతే అసలు తడబడనే లేదు, ఎడమచేయి మాత్రం పడిపోయింది. కత్తిపీట దగ్గర ఒంటిచేయి పనికిరాదు. పీటను కాలితో తొక్కిపట్టి, చేపను రెండు చేతులా గట్టిగా పట్టి ఇనుప కత్తికి ఆనించి నొక్కాలి. కుడిచేత్తో మటుకే నొక్కితే చేప మెలితిరిగి జారిపోతుంది.

మేం కోసిస్తామన్నాం. సారు తానే కోస్తానన్నాడు. ఆమె ఒకటే మాట అంది, తను కోయని చాప తన ఇంట్ల ఉడకద్దు అని. అది అలకా, పంతమా, ఏడుపా అంటే మూడూను. పిల్లలు లేని ఇల్లు, ఆమె పెత్తనమంతా ఆ పొయ్యి దగ్గరే ఉండేది. చేయి పోయినదానికంటే ఆ పీట గోడకు ఆనించి ఉండటం ఆమెను ఎక్కువగా కుంగదీసింది. రాను రాను పొయ్యి దగ్గరికి రావడమే తగ్గించింది. సారు పప్పు వండి పెడితే తిన్నట్టు తిని లేచేది.

మా దిక్కు మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, చేప తినాలి. ఆ రోజు చేప తినని ఇల్లుండదు. తిననివాళ్లు ఇంగువ బెల్లంలో కలిపి ఉండ చేసుకుని మింగుతారు. చేపంటే ప్రాణం పెట్టే సారు వరుసగా రెండు మిరుగాలు ఇంగువ ఉండ మింగాడు. మా ఇంటి నుంచి గిన్నెలో పులుసు పంపిస్తే కడుపు మంచిగ లేదని తిప్పి పంపాడు. రెండేళ్లపాటు ఒక మనిషి కడుపు అంత పద్ధతిగా చెడటం నేనెక్కడా వినలేదు. ఒంటిచేత్తో కూడా తెగేంత పదునున్న కత్తి దొరికితే మూడో మిరుగం నాటికి ఆమె మళ్లీ చేప కోస్తుందన్నది ఆయన ఆశ. ఆ పదును నీళ్లున్న ఉక్కుకే ఉంటుందన్నది ఆయన నమ్మకం.

ఆ ఏడు ఎండాకాలం ఊరవతల ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి జపాన్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. ఆయన పెట్టెలో రెండు కత్తులున్నాయనీ, ఒకదాని మీద అలలున్నాయనీ గెస్ట్‌హౌస్ వంటాయన ఎక్కడో అన్నాడు. ఆ మాట సారు చెవిన పడ్డ ఐతారమే, అంటే ఆదివారమే, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాడు. ఒక్కడే పోవడానికి మొహమాటపడి, తన ఇంగ్లీషుకు తోడుగా నా ఇంగ్లీషును తీసుకుపోయాడు. రెండూ కలిపినా ఒకటి కాలేదు గానీ, జపానాయన ఇంగ్లీషు కూడా మా పాటిదే కావడంతో మాటలు సులువుగానే సాగాయి.

ఆయన రెండు కత్తులూ బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. ఒకటి మందం, పొట్టిది. తలకాయలూ ముళ్లూ కొట్టడానికి. రెండోది పొడుగాటిది, సన్నటిది, ముల్లు తీసేసిన పచ్చి చేపను పల్చగా కోయడానికి. దాని ఒంటి నిండా అలలు. సారు జేబులో చేయి పెట్టాడు. నేను మోచేత్తో పొడిచాను. జపానాయన ముందు చింతపండు తీస్తాడేమోనని నా భయం. సారు తీయలేదు. గోటితో మీటనూ లేదు. చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ తాత మాటలో తప్ప ఎక్కడా లేని నీళ్లు ఆ కత్తిలో ఉన్నాయి.

ఇంటామె సంగతి చెప్పాం. జపానాయన చాలాసేపు తల ఊపి, తాను ఊరికి తిరిగి పోయేముందు ఒక కత్తి ఇచ్చిపోతానన్నాడు. ఏది కావాలో మీరే ఏరుకోండి అన్నాడు. ఈ మాట లెక్కల సారుతో అనకూడదని పాపం ఆయనకు తెలియదు.

మూడు ఐతారాలు పట్టింది. ప్రతి ఐతారం సారు పోవడం, రెండు కత్తులూ చూడటం, టీ తాగడం, తేల్చకుండా రావడం. జపానాయన ఓపిక మీద నాకు అప్పుడు గౌరవం పుట్టింది. మీ నది చేపలకు ముళ్లుంటాయి కాబట్టి మందం కత్తి తీసుకోమనీ, సన్నది ముల్లుకు తగిలితే అంచు పెళ్లలుగా లేస్తుందనీ ఆయన చేతులతో, ముఖంతో, పెన్సిలు బొమ్మతో చెప్పాడు. సారు ప్రతిసారీ నిజమే నిజమే అన్నాడు. మూడో ఐతారం సన్న కత్తి తెచ్చుకున్నాడు. జపానాయన దాన్ని రెండు చేతులా అందించి, వంగి దండం పెట్టి, ఆ మర్నాడే మందం కత్తితో సహా బండెక్కాడు.

మిరుగం ఇంకా పదిరోజులుందనగా వదిన ఆ కత్తిని చేతిలోకి తీసుకుంది. చెక్క మీద చిన్న చేప పెట్టుకుని కోయబోయింది. పట్టుకోవడానికి రెండో చేయి లేదు. కత్తి చేపను తోసింది, చేప చెక్క మీది నుంచి దొర్లి మట్టిలో పడింది. మళ్లీ పెట్టుకుంది, మళ్లీ పడింది. మూడోసారి ఆమె కత్తిని పక్కన పెట్టేసి, మమ్మల్నెవరినీ చూడకుండా అంది.

"కత్తి కదలకుండ ఊకుండాలె, చాప తిరగాలె. గిది ఉల్టా. నాతోని గాదు, ఇంక తేకు."

లేచి లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

సారు మా గడపలో వచ్చి కూర్చున్నాడు. నేను మామూలుగా ఏదో ఒక ఎత్తిపొడుపు మాట అనేదాన్నే, ముఖం చూసి ఆగిపోయాను.

"నేను ఇంటామె కోసం ఏరలే టీచరమ్మా" అన్నాడు. "ఒక్క చేత్తోని ఎట్ల పట్టుకుంటది, ఎట్ల కోస్తది, ఒక్కనాడు గూడ సోచాయించలే. గా నీళ్లు జూసిన, గంతే. మూడు ఐతారాలు ఆమె పేరు జెప్పి నా ముచ్చట తీర్చుకున్న."

నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. పోనీ మందం కత్తి అయినా ఇంతేగా అని ఏదో ఓదార్పు మాట అన్నాను. ఆయన విన్నట్టు లేదు. కత్తి ఊకుండాలె, చాప తిరగాలె, అని గొణుక్కుంటూ ఇంటికి పోయాడు. కాసేపటికి మూలన ఆనించిన పాత కత్తిపీటను చంకన పెట్టుకుని, జపాన్ కత్తిని తువ్వాలలో చుట్టుకుని, వడ్రంగం చేసే వడ్లాయన ఇంటి దిక్కు నడవడం చూశాను. నా కాలు ఇంట్లో నిలవలేదు, వెనకే పోయాను.

వడ్లాయన ఆ కత్తిని తిప్పి తిప్పి చూశాడు. పిడి తీసి, మొదలు నాలుగు వేళ్ల మేర కట్టెలోకి దించి, వంగకుండా రెండు దిక్కులా ఇనుప పట్టీలు బిగిస్తే నిలబడుతుందన్నాడు. కానీ ఆ పట్టీల కింద అలలు సగం మూసుకుపోతాయి, మేకులకు బెజ్జాలు పొడవాలి.

"సారూ, పొడిసినంక మళ్ల ఎనుకటి లెక్క గాదు. ఇంకోపారి ఆలోచన జేసుకోండ్రి."

"పొడువు" అన్నాడు సారు.

జీవితంలో ఆయన ఆలోచన లేకుండా చెప్పిన మొదటి మాట అదే అనుకుంటాను. చెప్పి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఈయన సన్నగా తేరా ఏకం తేరా, తేరా దూనీ ఛబ్బీస్ అని చదువుకుంటున్నాడు. ఎవరి మీద కోపమో నేను అడగలేదు.

ఈ కబురు స్టాఫ్‌రూం చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు. జపాన్ నుంచి వచ్చిన కత్తికి మంచిర్యాల పీట బిగించాడంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు. వచ్చే ఐతారం ఎడ్లబండికి రైలింజను కట్టిస్తాడట అన్నారు. ఆ జపానాయన చూస్తే పడవ దిగి మళ్లీ వచ్చి గుంజుకుపోతాడన్నారు. సారు ఈసారి నవ్వలేదు.

మిరుగం వచ్చింది. పొద్దున్నే నాలుగు చినుకులు పడి ఊరుకుని, ఒకటే ఉక్కపోత. సారు ఎన్ని రోజులుగా ఎంత బతిమాలాడో నాకు తెలియదు గానీ, వదిన పెరట్లోకి వచ్చి పీట ముందు కూర్చుంది. ఆయన సంచీ తీసుకుని బజారుకు బయలుదేరుతుంటే, ఏరవద్దనీ, కనబడ్డది తెమ్మనీ వెనకనుంచి చెప్పింది. పావుగంటలో తిరిగి వచ్చాడు. సంచీలో కొర్రమట్ట చేప ఇంకా కొట్టుకుంటోంది. ఇంత తొందరగా కొన్నందుకు చేపలామె ఆయనకు ఒంట్లో బాగుందా అని అడిగిందట.

వదిన చేపను రాయి మీద ఒంటిచేత్తోనే రుద్దింది. సారు పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. రుద్దడానికి మామూలుగా పట్టే వేళకు రెండింతలు పట్టింది. కడిగి, పీటను కాలితో తొక్కి, చేపను ఎత్తి కత్తికి ఆనించింది. గోడ ఇవతల కుర్చీ మీద నిలబడి చూస్తున్నాను నేను.

చప్పుడు రాలేదు. చేప బరువుకే తెగినట్టు తల వేరయింది.

రెండో ముక్క దగ్గర మాత్రం కత్తి ముల్లుకు ఆగింది. సన్నటి అంచు కొంచెం వంగి వణికింది. సారు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె ఆగమంది. చేపను వెనక్కి తీసి, బొటనవేలితో వెన్ను మీద తడిమి, ముల్లుకూ ముల్లుకూ మధ్య కీలు దొరికేదాకా వెతికి, ఒక గింజంత పక్కకు జరిపి మళ్లీ ఆనించింది. తెగింది. జపానాయన ముల్లు గురించి చెప్పింది నిజమే. అయితే ఆ ముల్లు ఎక్కడుందో తెలిసిన వేలు ఒకటి మంచిర్యాలలో ఉందని ఆయనకెట్లా తెలుస్తుంది?

ఆ తర్వాత ప్రతి ముక్కకూ అట్లాగే తడిమింది, అట్లాగే కోసింది. ఎనిమిది ముక్కలు గిన్నెలో పడ్డాయి. ఆమె ముఖం చెమటతో తడిసిపోయింది. రెండేళ్ల తర్వాత ఆ ముఖంలో పాత వదిన కనబడింది, అదే పొగరు, అదే మూతి విరుపు.

"ఇన్నేండ్లల్ల ఒక్కటన్న సక్కగ ఏరినవ్" అంది మొగుడితో.

ఆ మాట అందుకుని ఊరుకుంటే ఏం పోయేది? లెక్క తప్పయితే తప్పు అని ఒప్పుకోకపోతే ఆయనకు అన్నం అరగదు.

"ఏరలే" అన్నాడు సారు తల వంచుకుని. "నీ చెయ్యి యాదికే రాలే. దాని ముఖం జూసి మురిసి తెచ్చిన."

నేను గోడ మీది నుంచి నెత్తి కొట్టుకున్నాను. వదిన మిగిలిన తోక ముక్కను కత్తికి ఆనించి కోసింది. గిన్నెలో వేసింది. తల ఎత్తకుండానే అంది.

"నన్ను గూడ ముఖం జూసే తెచ్చుకున్నవ్. చెయ్యి పడిపోయినంక ఇడిసిపెట్టినవా?"

సారు చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, జిగురూ నెత్తురూ అంటిన ఆ కుడిచేతిని వేలు వేలుగా కడిగాడు. తర్వాత ఒళ్లో పడి ఉన్న ఎడమచేతిని తీసుకుని, దానికి ఏమీ అంటకపోయినా, దాన్ని కూడా కడిగాడు.